ఉండాలా, వచ్చేయాలా: అమెరికా ఎమ్మెస్ తర్వాత లెక్క ఎక్కడ తేలుతుంది?

అమెరికాలో ఎమ్మెస్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఆదివారం వీడియో కాల్ ఎటు తిరిగినా ఒక ప్రశ్న దగ్గరికే వస్తుంది: వచ్చేయాలా, ఇంకొన్నాళ్లు చూడాలా? జవాబు చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. డాలస్‌లో ఉన్న బావగారు "ఎలాగోలా లాగించు, అందరం అలాగే నిలబడ్డాం" అంటారు. హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడు "ఇక్కడే హాయిగా ఉందిరా, వచ్చెయ్" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కాకపోతే ఎవరి నిజం వాళ్లది. బావగారు వెళ్లింది 2005లో. స్నేహితుడికి అప్పు లేదు.

2024–25 విద్యా సంవత్సరంలో అమెరికాలో నమోదైన భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. అందులో లక్షా నలభై వేలకు పైగా చదువు ముగించుకుని ఓపీటీ (చదువు తర్వాత కొన్నాళ్లు పనిచేసే అనుమతి) మీద ఉన్నవాళ్లే. తెలుగువాళ్ల వాటా ఎంతో డాలస్, న్యూజెర్సీ, షార్లెట్‌లలో అపార్ట్‌మెంట్లు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఈ ప్రశ్నను మన దగ్గర ఎక్కువగా మనసుకు సంబంధించిన విషయంగా మాట్లాడుకుంటాం. దేశభక్తి, అమ్మానాన్నల మీద ప్రేమ, ధైర్యం, పిరికితనం అన్నీ మధ్యలోకి వస్తాయి. నా ఉద్దేశంలో మొదటి ఐదారేళ్లు ఇది చాలావరకు అప్పు లెక్క, తేదీల లెక్క. మనసు మాట వినే తీరిక ఆ తర్వాతే దొరుకుతుంది. పైగా ఈ జవాబు మనిషిని బట్టి మారేదానికంటే సమయాన్ని బట్టి ఎక్కువ మారుతుంది. చదువు ముగిసిన నెలలో సరైన నిర్ణయం, అప్పు తీరిన నెలకు తప్పు నిర్ణయం కావచ్చు.

డాలరుకు రెండు ధరలు

ముందు అప్పు సంగతి. ఇల్లో స్థలమో తనఖా పెడితే ప్రభుత్వ బ్యాంకులో వడ్డీ కాస్త తక్కువ పడుతుంది. తనఖా లేకుండా ప్రైవేటు ఫైనాన్స్ సంస్థ దగ్గర తీసుకుంటే 11 శాతం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. చదివినన్నాళ్లూ, ఆ తర్వాత ఆరు నెలలో ఏడాదో అసలు కిస్తీ కట్టక్కర్లేదంటారు కానీ, వడ్డీ మాత్రం ఆగదు. విడతలవారీగా 40 లక్షలు తీసుకున్న అబ్బాయి, కట్టడం మొదలుపెట్టే నాటికి 48 లక్షల దగ్గర ఉంటాడు. 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు వేసుకుంటే నెలకు 66 వేల పైచిలుకు కిస్తీ.

ఇప్పుడు అతనికి హైదరాబాద్‌లో ఏడాదికి 18 లక్షల ప్యాకేజీ దొరికిందనుకుందాం. పీఎఫ్, పన్ను, ఏడాది చివర ఇస్తామనే బోనస్ పక్కన పెడితే నెలకు చేతికొచ్చేది లక్షా ఇరవై వేల చుట్టుపక్కల. అందులో సగానికి పైగా బ్యాంకుకు పోతుంది. మిగిలిన 50 వేలతో గచ్చిబౌలి దగ్గర ముగ్గురు కలిసి ఉండే ఫ్లాట్‌లో బతకొచ్చు. ఇబ్బందేమీ లేదు, కానీ పదేళ్లు అలాగే బతకాలి.

అదే అబ్బాయికి డాలస్‌లో 90 వేల డాలర్ల ఉద్యోగం వచ్చిందనుకుందాం. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఎఫ్-1 వీసా మీదున్న విద్యార్థికి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల్లో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద కోసే 7.65 శాతం కూడా ఉండదు. ఫెడరల్ పన్ను, ఇన్సూరెన్సు పోను నెలకు 6,300 డాలర్ల దాకా చేతికొస్తుంది. రూమ్మేట్లతో ఉంటూ, పాత కారు నడుపుకుంటూ, ఇంట్లో వండుకుంటే 3,000 డాలర్లు మిగలడం కష్టం కాదు. డాలరు 90 రూపాయల లెక్కన అది 2 లక్షల 70 వేలు. పదేళ్ల అప్పు రెండేళ్లలోపు తీరిపోతుంది.

మరి హైదరాబాద్‌లో 18 లక్షల జీతం నిజంగా అంత చిన్నదా? ప్రపంచ బ్యాంకు కొనుగోలు శక్తి లెక్క ప్రకారం అమెరికాలో ఒక డాలరుతో కొనేవాటిని మన దేశంలో కొనడానికి 20 రూపాయల పైచిలుకు చాలు. ఆ ధరతో గుణిస్తే 90 వేల డాలర్లంటే సుమారు 18 లక్షలే. అంటే బతకడానికి రెండు జీతాలూ ఇంచుమించు సమానం, అప్పు తీర్చడానికి మాత్రం ఒకటి ఇంకోదానికి నాలుగున్నర రెట్లు. సలహాదారుల గొడవంతా ఇక్కడే ఉంది. డాలస్ బావగారు 90తో గుణిస్తున్నారు, హైదరాబాద్ స్నేహితుడు 20తో గుణిస్తున్నాడు. అప్పు రూపాయల్లో ఉన్నంతకాలం బావగారి లెక్క సరైనది. అది తీరిన మర్నాటి నుంచి స్నేహితుడి లెక్క సరైనది.

ఈ 20 రూపాయల లెక్కను కూడా మరీ గుడ్డిగా నమ్మకూడదు. అది దేశం మొత్తం మీద సగటు మనిషి కొనే సరుకుల లెక్క. బియ్యం, కూరగాయలు, పనిమనిషి, డ్రైవరు, డాక్టరు ఫీజు వరకు పర్వాలేదు. కోకాపేటలో మూడు పడకగదుల ఫ్లాట్, ఇంటర్నేషనల్ స్కూలు ఫీజు, ఐఫోను, పెద్ద కారు కావాలనుకునేవాళ్లకు ఆ లెక్క వర్తించదు. అలాంటి జీవితానికి హైదరాబాద్ చవకైన ఊరేమీ కాదు.

ఉద్యోగం ఉంటేనే కదా

పై లెక్కలో అన్నిటికంటే బలహీనమైన మాట "90 వేల డాలర్ల ఉద్యోగం వచ్చిందనుకుందాం" అన్నది. ఆ ఉద్యోగం రావాలి, వచ్చాక ఉండాలి.

చదువు అయ్యాక ఓపీటీ కింద 12 నెలలు పనిచేయొచ్చు. సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కోర్సులవాళ్లకు ఇంకో 24 నెలలు పొడిగిస్తారు. 2016 నుంచి ఈ నిబంధన ఉంది. పొడిగింపు కావాలంటే కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హత సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, శిక్షణ ప్రణాళిక మీద సంతకం పెట్టాలి. మొదటి 12 నెలల్లో మొత్తం మీద 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. పొడిగింపు కాలానికి ఇంకో 60 రోజులు కలుస్తాయి. ఈ రోజుల లెక్క పని అనుమతి కార్డు మీద ఉన్న తేదీ నుంచి మొదలవుతుంది, మనం వెతకడం మొదలుపెట్టిన రోజు నుంచి కాదు. చాలామంది ఇళ్లలో తల్లిదండ్రులకు ఈ 90 రోజుల సంగతే తెలియదు. పిల్లలు టెన్షన్ ఎందుకులే అని చెప్పరు.

ఆ తర్వాత హెచ్-1బీ, అంటే కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా. ఏడాదికి 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20 వేలు. మార్చిలో రిజిస్ట్రేషన్, లాటరీలో ఎంపికైతే అక్టోబరు 1 నుంచి ఉద్యోగం. 2026 ఆర్థిక సంవత్సరానికి అర్హమైన రిజిస్ట్రేషన్లు 3,43,981 వస్తే 1,20,141 ఎంపికయ్యాయి. అంటే 35 శాతం. అంతకుముందు రెండేళ్లు ఇంకా తక్కువ. సగటున 30 శాతం అనుకుని, మూడేళ్ల ఓపీటీలో మూడు లాటరీలు దొరికాయనుకుంటే, కనీసం ఒక్కసారైనా పేరు వచ్చే అవకాశం 66 శాతం దగ్గర తేలుతుంది. మూడోవంతు మందికి మూడుసార్లూ రాదు. వాళ్ల చదువులో, పనితనంలో లోపమేమీ లేకపోయినా రాదు.

ఇప్పుడు ఆ లాటరీ స్వరూపమే మారింది. 2025 డిసెంబరులో ఖరారైన కొత్త నిబంధన ప్రకారం జీతం స్థాయిని బట్టి చీట్లు వేస్తారు. నాలుగో స్థాయి జీతానికి నాలుగు, మొదటి స్థాయికి ఒకటి. కొత్తగా చదువు ముగించినవాళ్లు ఎక్కువగా ఉండేది మొదటి స్థాయిలోనే. ఆ స్థాయివాళ్ల అవకాశం 15 శాతం దగ్గరికి పడిపోతుందని ప్రతిపాదన దశలో అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖే లెక్కేసింది. 15 శాతం చొప్పున మూడుసార్లు వేస్తే 39 శాతం కూడా రాదు. కాబట్టి సీనియర్లు చెప్పే "మూడు ఛాన్సులున్నాయి, ఏదో ఒకటి తగులుతుంది" అన్న ధీమా ఫ్రెషర్లకు ఇక పనికిరాదు.

2025 సెప్టెంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లక్ష డాలర్ల రుసుము గురించి కూడా ఇళ్లలో చాలా గందరగోళం ఉంది. అది కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు, అందులోనూ అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం వేసేవాటికి. లోపలే ఉండి ఎఫ్-1 నుంచి హెచ్-1బీకి మారేవాళ్లకు వర్తించదని అక్టోబరులో అక్కడి ఇమిగ్రేషన్ శాఖ స్పష్టం చేసింది. దీని ప్రభావం మన ప్రశ్న మీద నేరుగా పడుతుంది. "ఇప్పటికి వచ్చేసి, తర్వాత మళ్లీ హెచ్-1బీ మీద వెళ్దాం" అనే దారి బాగా ఇరుకైంది. ఏ మామూలు కంపెనీ ఒక జూనియర్ ఇంజినీరు కోసం లక్ష డాలర్లు కట్టదు. ఆ ఉత్తర్వు ఏడాది గడువుతో మొదలైంది కాబట్టి, నిర్ణయం తీసుకునే నెలలో పరిస్థితి ఏమిటో చూసుకోవాలి.

హెచ్-1బీ వచ్చినా కథ ముగియదు. ఉద్యోగం పోతే 60 రోజుల గడువు. ఆరేళ్ల పరిమితి. గ్రీన్‌కార్డుకు ఉద్యోగాల కోటా ఏడాదికి 1,40,000, ఏ దేశానికీ 7 శాతం మించకూడదు. 2025 చివర్లో ఈబీ-2 (మాస్టర్స్ చేసినవాళ్లు ఎక్కువగా చేరే) వరుసలో భారతీయుల్లో వంతు నడిచింది 2013లో దరఖాస్తు పడినవాళ్లకు. ఇవాళ వరుసలో నిలబడే కుర్రాడు గ్రీన్‌కార్డు చూసుకుని నిర్ణయం తీసుకోవాలనుకుంటే, ఆ నిర్ణయం అతని తరంలో జరగకపోవచ్చు.

మిగతా దేశాల్లో గడియారం వేరుగా నడుస్తుంది. బ్రిటన్‌లో చదువు తర్వాత రెండేళ్లు ఇస్తున్నారు, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు అది 18 నెలలు. జర్మనీలో ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు, అక్కడే డిగ్రీ చేసి తగిన ఉద్యోగంలో రెండేళ్లు పనిచేస్తే శాశ్వత నివాసానికి దారి ఉంది. కాకపోతే జర్మన్ భాష రాకుండా ఆ ఉద్యోగం దొరకడం అంత తేలిక కాదు. లాటరీ లేకపోవడం పెద్ద ఊరట. అయితే బ్రిటన్‌లో ఒక ఏడాది మాస్టర్స్ చేసి, అనుభవం లేకుండా తిరిగొచ్చేవాళ్ల పరిస్థితి అమెరికా కంటే గడ్డుగానే ఉంటుంది. జీతాలు తక్కువ, అప్పు మాత్రం దాదాపు అంతే.

ఎక్కడ ఆగాలి

ఉద్యోగం రాక, రోజులు దగ్గరపడుతున్నప్పుడు కొన్ని తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. కన్సల్టెన్సీ ఫోన్ చేస్తుంది. "ఏడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి మార్కెటింగ్ చేస్తాం, ఇంటర్వ్యూకి ప్రాక్సీ మేం చూసుకుంటాం" అంటారు. జీతం లేని బెంచ్ మీద ఉంచి, కాగితం మీద ఉద్యోగం చూపిస్తారు. లేదంటే చేరిన మొదటి రోజు నుంచే పనిచేసుకోవచ్చని చెప్పే ఇంకో యూనివర్సిటీలో, ఇంకో మాస్టర్స్‌లో చేరమంటారు.

ఇందులో ప్రతిదీ నేరం కాదు. కానీ ఎక్కడ గీత దాటుతున్నామో ఆ ఒత్తిడిలో తెలియదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు చిక్కుకున్న విద్యార్థుల్లో పెద్ద భాగం మనవాళ్లే. 2019 జనవరిలో మిచిగన్‌లోని ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ అసలు అమెరికా అధికారులే పన్నిన వల అని బయటపడింది. మొదట అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. తరగతులు లేని కాలేజీకి ఫీజు కట్టి, పని అనుమతి కాగితం కోసమే చేరినవాళ్లు.

నా అభిప్రాయం ఈ ఒక్క విషయంలో మెత్తగా లేదు. ఉండడానికి అబద్ధపు రెజ్యూమె తప్ప వేరే దారి లేదన్న రోజు వస్తే, అప్పు ఎంతున్నా వచ్చేయడమే మంచిది. కావాలని తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే జీవితాంతం వీసా రాకుండా పోవచ్చు. అప్పుకైతే మార్గాలున్నాయి. ఇక్కడ జీతం చూపించి ఫైనాన్స్ సంస్థ నుంచి బ్యాంకుకు రుణం మార్పించుకోవచ్చు, గడువు పెంచమని అడగొచ్చు. అదే 48 లక్షలు 9.5 శాతానికి, 15 ఏళ్లకు మారితే కిస్తీ 50 వేలకు దిగుతుంది. పాత పన్ను విధానం ఎంచుకుంటే విద్యా రుణం వడ్డీకి ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు ఉంది. కొత్త విధానంలో లేదు. ఇది చూసుకోకుండా కంపెనీ ఇచ్చిన ఫారంలో కొత్త విధానానికి టిక్కు పెట్టేసేవాళ్లు చాలామంది.

ఆ రుణ పత్రాల మీద నాన్న సంతకం కూడా ఉంటుందన్న సంగతి మర్చిపోకూడదు. ఆయన సహ రుణగ్రహీత. కొడుకు కట్టకపోతే బ్యాంకు ఆయన దగ్గరికే వస్తుంది. కాబట్టి ఓపీటీ రోజుల లెక్క, లాటరీ ఫలితం, కిస్తీ మొత్తం ఆయన దగ్గర దాచడం ప్రేమ అనిపించుకోదు. "నలుగురూ ఏమనుకుంటారో" అన్న భయం పిల్లల కంటే పెద్దవాళ్లలోనే ఎక్కువ ఉంటుందని తెలుసు. అమెరికా సంబంధమని పెళ్లి మాటలు నడుస్తున్న ఇంట్లో ఇంకా కష్టం. అయినా, మొత్తం లెక్క చూశాక "వచ్చెయ్ నాన్నా, చూసుకుందాం" అన్న తండ్రులు మనం అనుకునేదానికంటే ఎక్కువే. చూపించకపోతే ఆయనకు ఆ మాట అనే వీలెక్కడిది?

హైదరాబాద్ ఏం ఇస్తుంది

1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు, అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన డెవలప్‌మెంట్ సెంటర్ ఇక్కడ పెట్టినప్పుడు, అమెరికా నుంచి తిరిగి రావడమంటే చాలామందికి కెరీర్ వదులుకోవడమే. ఇప్పుడు దేశంలో 1,700కు పైగా విదేశీ కంపెనీల సొంత కేంద్రాలున్నాయి, వాటిలో పనిచేసేవాళ్లు 19 లక్షల దాకా. జీసీసీలంటున్నది వీటినే. అమెజాన్ 2019లో ప్రపంచంలోనే తన అతిపెద్ద క్యాంపస్ భవనాన్ని హైదరాబాద్‌లో కట్టింది. 2025లో ఆమ్జెన్, మెక్‌డొనాల్డ్స్ లాంటి, సాఫ్ట్‌వేరుకు సంబంధం లేని కంపెనీలు కూడా ఇక్కడ పెద్ద ఆఫీసులు తెరిచాయి. హెచ్-1బీ ఖరీదైన కొద్దీ ఈ ఆఫీసుల వైపు పని మళ్లడం సహజం.

అయితే ఈ మార్కెట్ ఎమ్మెస్ పట్టాకు పెద్దగా విలువ ఇవ్వదు, అనుభవానికి ఇస్తుంది. ఇది బాధ కలిగించే నిజం. రెండేళ్ల మాస్టర్స్‌ను రెండేళ్ల అనుభవంగా ఏ హెచ్ఆర్ లెక్కించరు. చదువు అయిన వెంటనే వచ్చిన అమ్మాయి, తనతో బీటెక్ చదివి ఇక్కడే చేరిన స్నేహితురాలి కంటే రెండేళ్లు జూనియర్‌గా మొదలవ్వాలి. అదే అక్కడ రెండు, మూడేళ్లు మంచి కంపెనీలో నిజమైన పని చేసి వస్తే పరిస్థితి తిరగబడుతుంది. అమెరికా టీములతో మాట్లాడడం, వాళ్ల పని తీరు తెలియడం జీసీసీలకు బాగా కావాలి. వీఎల్ఎస్ఐ చదివినవాళ్లకు చిప్ డిజైన్ కంపెనీలు, బయోటెక్ వాళ్లకు జీనోమ్ వ్యాలీ ఉన్నాయి. చిన్న యూనివర్సిటీలో డేటా అనలిటిక్స్ చేసినవాళ్లు మాత్రం విపరీతమైన పోటీలో పడతారు. సివిల్, మెకానికల్ వాళ్లకు ఇక్కడ జీతాల తేడా చూస్తే గుండె జారుతుంది. ప్రభుత్వ ఉద్యోగమో, ఇక్కడ పీహెచ్‌డీయో ఆలోచనలో ఉంటే విదేశీ డిగ్రీకి సమానత్వ పత్రం తెచ్చుకోవడం ముందే మొదలుపెట్టాలి.

వెతకడం అక్కడుండగానే మొదలుపెట్టాలి. ఉద్యోగంలో ఉంటూ హైదరాబాద్ ఆఫీసుకు దరఖాస్తు చేసినవాడికీ, వీసా అయిపోయి వచ్చి ఇంట్లో కూర్చుని వెతికేవాడికీ జీతం మాట్లాడే దగ్గర చాలా తేడా ఉంటుంది. ఇక్కడివాళ్లలో ఎక్కువమందికి 90 రోజుల నోటీసు పీరియడ్ ఉంటుంది కాబట్టి, వెంటనే చేరగలగడం ఒక లాభం కూడా. ఇక్కడి ఇబ్బందులు ఇక్కడున్నాయి. సాయంత్రం ఏడింటికి మొదలయ్యే అమెరికా మీటింగులు, మాదాపూర్ ట్రాఫిక్, సెలవు పెట్టినా ఫోన్ చేసే మేనేజరు. తిరిగొచ్చిన ఆడపిల్లల్లో కొందరు చెప్పేది ఇంకొకటి: ఉద్యోగం బాగానే ఉంది, కానీ రాత్రి ఎన్నింటికి వచ్చావని ఇంట్లో, వీధిలో అడగడం మళ్లీ మొదలైంది. దీన్ని ఏ జీతం లెక్కలోనూ వేయలేం, కానీ వేసుకోవాల్సిందే. అటువైపు చూస్తే, పెళ్లయి హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద వెళ్లినవాళ్లకు ఉద్యోగం చేసే అనుమతి భర్తకో భార్యకో ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం వచ్చేదాకా దొరకదు. ఇద్దరూ చదువుకున్న జంటలో ఒకరు ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చోవడం వల్ల పోయే జీతం అమెరికా ఖాతాలో రాసుకోవాలి.

వచ్చేస్తే మళ్లీ వెళ్లే దారులు పూర్తిగా మూసుకుపోవు. ఉన్న కంపెనీయే హైదరాబాద్ ఆఫీసుకు బదిలీ చేస్తే, ఇక్కడ వరుసగా ఒక ఏడాది పనిచేశాక ఎల్-1 మీద తిరిగి పంపే వీలుంది. దానికి లాటరీ లేదు. ఇక్కడ మేనేజరు స్థాయికి ఎదిగి ఎల్-1ఎ మీద వెళ్లినవాళ్లు ఈబీ-1 వరుసలో చేరి, అక్కడే ఉండిపోయి ఈబీ-2లో ఎదురుచూస్తున్న స్నేహితుల కంటే ముందు గ్రీన్‌కార్డు తెచ్చుకున్న సందర్భాలూ ఉంటాయి. ఐ-140 ఆమోదం పొందాక, మామూలుగా కంపెనీ వెనక్కి తీసుకున్నా ప్రయారిటీ తేదీ (వరుసలో చేరిన తేదీ) మనదే. ఇండియాలో ఉన్నా వరుసలో మన స్థానం పోదు. అందుకే, హెచ్-1బీ వచ్చినవాళ్లు ఐ-140 దాకా ఆగి రావడం తెలివైన పని. పీహెచ్‌డీ, పరిశోధన వాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. యూనివర్సిటీలు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలు లాటరీ పరిమితిలోకి రావు.

పరిశోధన చేసేవాళ్లు

వీళ్లకు లెక్క వేరు, ఎందుకంటే వీళ్లలో చాలామందికి అప్పు ఉండదు, స్టైపెండ్ మీద చదువుతారు. తెలుగువాళ్లలో ఈ ప్రశ్నకు రెండు పెద్ద జవాబులున్నాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో శాశ్వత పదవి దక్కకపోయినా లెడర్లీ ప్రయోగశాలలో పనిచేసి, 1948లో అక్కడే కన్నుమూశారు. శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేసి తిరిగొచ్చారు. హిమాలయ ప్రాంతాల్లో గాయిటర్ మీద ఆయన చేసిన పని మన వంటింట్లో అయొడైజ్డ్ ఉప్పుకు పునాది వేసింది. తర్వాత ఎయిమ్స్ డైరెక్టరయ్యారు. సుబ్బారావుకు కావలసిన ప్రయోగశాల ఆనాడు ఇక్కడ లేదు. రామలింగస్వామికి కావలసిన రోగులు కాంగ్రా లోయలో ఉన్నారు, ఆక్స్‌ఫర్డ్‌లో కాదు. ఇవాళ్టి పరిశోధకులు కూడా వేసుకోవాల్సిన ప్రశ్న అదే: నా పనికి కావలసింది ఎక్కడుంది? విదేశాల నుంచి వచ్చే జీవశాస్త్రవేత్తలకు కేంద్ర బయోటెక్నాలజీ విభాగం ఇచ్చే ఐదేళ్ల రీ-ఎంట్రీ ఫెలోషిప్ రామలింగస్వామి పేరు మీదే ఉంది. ఐదేళ్ల తర్వాత పర్మనెంట్ పోస్టు గ్యారంటీ లేదన్నది దాని బలహీనత. ఫుల్‌బ్రైట్ మీద వెళ్లినవాళ్లకైతే ప్రశ్నే లేదు. రెండేళ్లు స్వదేశంలో ఉండి తీరాలన్న షరతు వీసాలోనే ఉంటుంది.

ఆలస్యంగా వచ్చేవాళ్లు

అప్పు తీరాక వచ్చేస్తామన్నవాళ్లలో చాలామంది రారు. అప్పు తీరాక ప్లాటు, ప్లాటు తర్వాత అక్కడ ఇల్లు, ఇల్లు తర్వాత పిల్లలు. ప్రతిసారీ "ఇంకో రెండేళ్లు". దీన్ని తప్పనను. అక్కడి జీవితం నచ్చి ఉండిపోవడం వేరు, నిర్ణయం తీసుకోక ఉండిపోవడం వేరు. రెండోదాని ఖర్చు పిల్లలు తొమ్మిదో తరగతికి వచ్చాక తెలుస్తుంది. అక్కడ పుట్టిన పిల్లలు అమెరికా పౌరులు, ఇక్కడ ఓసీఐలు (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్లు). 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం మెడిసిన్, ఇంజినీరింగ్ ప్రవేశాల్లో ఓసీఐలకు ఎన్ఆర్ఐ సీట్లే. ఇక్కడ పుట్టి హెచ్-4 మీద వెళ్లిన పిల్లలకు 21 ఏళ్లు నిండితే ఆ హోదా పోతుంది. రావాలనుకుంటే పిల్లలు ప్రాథమిక తరగతుల్లో ఉన్నప్పుడు రావడం అందరికీ తేలిక. ఎనిమిది దాటాక వస్తే బడి మారే భారం మొత్తం పిల్లల మీదే పడుతుంది. అటు అమ్మానాన్నలు డెబ్బైకి దగ్గరపడేదీ ఇంచుమించు ఆ ఏళ్లలోనే.

డబ్బు సంగతి. సోషల్ సెక్యూరిటీ పింఛను రావాలంటే 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్లు కట్టి ఉండాలి. భారత్, అమెరికా మధ్య దీనికి ఒప్పందం లేదు, కాబట్టి ఏడేళ్లు కట్టి వచ్చినవాళ్లకు ఆ డబ్బు తిరిగిరాదు. ఎనిమిదో తొమ్మిదో ఏడాదిలో ఉన్నవాళ్లు ఈ లెక్క చూసుకుని కదలాలి. ఇక్కడ పన్ను చట్టంలో "రెసిడెంట్, కానీ సాధారణ నివాసి కాదు" అనే హోదా ఉంది. అది ఉన్నన్నాళ్లు అక్కడి వడ్డీ, డివిడెండ్, అద్దెల మీద ఇక్కడ పన్ను పడదు. ఎన్ఆర్ఐలంతా దీని గురించి మాట్లాడతారు కానీ, ఇది ఎమ్మెస్ చేసి మూడేళ్లకే వచ్చేసినవాళ్లకు దొరకదు. గత ఏడేళ్లలో ఇండియాలో ఉన్నది 729 రోజులు మించకూడదు, లేదా గత పదేళ్లలో తొమ్మిదేళ్లు ఎన్ఆర్ఐ అయి ఉండాలి. అంటే కనీసం ఐదేళ్లకు పైగా బయట ఉండాలి. మామూలు నివాసి అయిపోయాక మాత్రం అక్కడి బ్యాంకు ఖాతాలు, షేర్లు, 401కే (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) అన్నీ ఇక్కడి రిటర్నులో చూపించాలి. చూపించకపోతే నల్లధనం చట్టం కింద పది లక్షల జరిమానా పడొచ్చు.

వచ్చే నెల కూడా ముఖ్యమే. మన ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉంటే ఆ ఏడాదికి నివాసి అయిపోతారు. చాలా ఏళ్లు బయటే ఉండి, మధ్యలో సెలవులకు కొద్దిరోజులే వచ్చి వెళ్లినవాళ్లు అక్టోబరు రెండో వారం తర్వాత దిగితే, ఏప్రిల్ తర్వాత అప్పటిదాకా ఇక్కడికి రాకపోయి ఉంటే, ఆ ఏడాదంతా ఎన్ఆర్ఐగానే మిగులుతారు. దసరాకి ఇంట్లో ఉండాలని అమ్మ అడిగితే, టికెట్ బుక్ చేసేముందు ఆ ఏడాది దసరా ఏ తేదీన పడిందో చూసుకోండి.